హనుమకొండ షుగర్ బ్యాచ్: పదకొండు నెలలు వెళ్లి వచ్చాక

షుగర్ జబ్బు ఉన్నవాళ్లం ప్రతి ఆదివారం కలుసుకునే గుంపు ఇది. ముందే చెప్తున్నా, దీనికి బోర్డు లేదు, ఆఫీసు లేదు, రసీదు పుస్తకం అసలే లేదు. హనుమకొండ పబ్లిక్ గార్డెన్‌లో ఆదివారం పొద్దున వాకింగ్‌కు వచ్చేవాళ్లను అడిగితే "షుగర్ బ్యాచా, అగో ఆ చెట్టు కింద" అని చూపిస్తారు. పాతిక ముప్ఫై మంది వస్తారు. రిటైరైన టీచర్లు, ఆర్టీసీ వాళ్లు ఎక్కువ, నాలాంటి చిన్న దుకాణాల వాళ్లం కొందరం. నాది జిరాక్స్ షాపు, పొద్దస్తమానం కూర్చునే పని. షుగర్ వచ్చి ఆరేళ్లు.

పోయినేడాది నా హెచ్‌బీఏ1సీ 9.4 వచ్చింది. రక్తంలో షుగర్ దాదాపు మూడు నెలల సగటును చూపించే టెస్టు కాబట్టి ముందురోజు ఉపవాసం ఉండి దాన్ని మోసం చేయడం కుదరదు. డాక్టర్ గారు "తిండి కంట్రోల్‌లో ఉందా" అంటే "ఉంది సార్" అన్నా. పచ్చి అబద్ధం. బయటికొచ్చాక ఓపీ బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దాయన నా మొహం చూసి నవ్వి, "లోపల అందరం గదే చెప్తం తమ్మీ, నిజం చెప్పుకునే కాడికి రా ఆదివారం" అన్నాడు. అట్లా వెళ్లాను.

నిజంగానే అక్కడ జరిగేది అదే. ఎవరి నోటుబుక్కు వాళ్లది. వారంలో ఏదో ఒక తిండి తినకముందు, తిన్న రెండు గంటలకు మీటర్‌తో చూసుకుని రాయాలి, ఆదివారం అందరి ముందు చదవాలి. నాలుగు ఇడ్లీలు తింటే నాకు 238. ఇడ్లీయే కదా తేలిక తిండి అని ఆరేళ్లు తిన్నాను మరి. రెండే ఇడ్లీలు, పక్కన ఉడకబెట్టిన శనగలు, తిన్నాక పదిహేను నిమిషాలు వీధిలో నడక, అప్పుడు 171. డైట్ చార్టు చూసి నేనెప్పుడూ మారలేదు గానీ ఈ రెండు అంకెలు చూసి మారాను. సద్దుల బతుకమ్మ తర్వాతి ఆదివారం అయితే నవ్వులే నవ్వులు, ఒక అక్క "మలీద ముద్దలు మూడు, సర్వపిండి ఒకటిన్నర, 312" అని సిగ్గుపడకుండా చదివింది, ఎవరూ తిట్టలేదు, వచ్చే ఏడు ఒక ముద్దతో ఎట్లా ఆపాలో మాత్రం గంట మాట్లాడుకున్నాం.

బియ్యం సంగతి మీద పెద్ద గొడవే నడిచింది. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన తెలంగాణ సోనా, అదే ఆర్ఎన్ఆర్ 15048, ఇక్కడ అందరి నోళ్లలో "షుగర్ బియ్యం" అయిపోయింది. మిగతా సన్నబియ్యం కన్నా షుగర్‌ను కాస్త నెమ్మదిగా పెంచుతుందని పేరు. ఆ ధీమాతో ఒకాయన రెండు ప్లేట్లు లాగించేవాడు, ఆయన నోటుబుక్కులో అంకెలు చూస్తే మామూలు బియ్యానికీ దానికీ తేడా లేదు. ఏ బియ్యమైనా అన్నం అన్నమే, కొలత తప్పితే లాభం లేదు.

నాకు బాగా పనికొచ్చింది లో షుగర్ పాఠం. ఒకసారి పరకాల నుంచి బండి మీద వస్తుంటే చెమటలు, చేతులు వణుకు, కళ్ల ముందు మసక. గోలీ వేసుకుని మధ్యాహ్నం తినలేదు. అప్పుడు తెలియక చాక్లెట్ తిన్నాను, అందులో కొవ్వు ఉంటుంది కాబట్టి షుగర్ ఎక్కడం ఆలస్యమట. 70 కన్నా తగ్గితే మూడు టీ చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగడం, పదిహేను నిమిషాలకు మళ్లీ చూసుకోవడం, ఇంకా తక్కువుంటే మళ్లీ తాగడం, ఆ తర్వాత కడుపుకు ఏదైనా తినడం అని ఇక్కడ నేర్పారు. ఇప్పుడు జేబులో చక్కెర పొట్లం లేకుండా బండి తీయను. మా ఆవిడకు ఇది ఇంకా జోకే.

ఇన్సులిన్ వాళ్లు సూది సంగతులు మాట్లాడుకుంటారు. ఒకాయనకు పొట్ట మీద ఒకే చోట ఏళ్ల తరబడి పొడిచి పొడిచి గడ్డ కట్టింది, అక్కడ వేస్తే మందు సరిగ్గా ఒంటికి పట్టక షుగర్ ఎగుడుదిగుడు. చోటు మార్చమని చెప్పింది ఈ చెట్టు కిందే, ఎంత వేసుకోవాలో మాత్రం డాక్టర్ దగ్గరే తేల్చుకో అన్నారు. ఒక రిటైర్డ్ డ్రైవర్ అయితే జేబులో చిన్న అద్దం పెట్టుకుని తిరుగుతాడు, రాత్రి పడుకోబోయే ముందు అరికాళ్లు చూసుకోవడానికి. షుగర్ వల్ల స్పర్శ తగ్గిన కాలికి మేకు గుచ్చుకున్నా తెలియదు. ఎండాకాలం వేయిస్తంభాల గుడికి తెల్లారకముందే వెళ్లొస్తాడు, ఆ రాళ్లు కాలితే బొబ్బ లేచేదాకా తనకు తెలియదని.

ఇంకోటి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పేరు రాయించుకుంటే బీపీ, షుగర్ గోలీలు ఉచితంగా ఇస్తారని కూడా నాకు ఇక్కడే తెలిసింది. నాలుగేళ్లు కొన్నాను.

ఇక లోపాలు. ఆరున్నర అంటే ఏడూ పది. ఫోన్ గ్రూపులో శుభోదయం పువ్వులు, కాకరకాయ వీడియోలు తప్ప ఏమీ ఉండదు, నేను మ్యూట్ చేశాను. ఒకసారి ఎవరో "మూడు నెలల్లో గోలీలు బంద్" అని పొడి డబ్బా 1,800కి అమ్మబోతే పంపించడానికి అరగంట పట్టింది, అప్పటికే ఇద్దరు కొన్నారు. ఆడవాళ్లు ఆరుగురికి మించరు. ఆదివారం పొద్దున ఇంట్లో టిఫిన్ ఎవరు చేస్తారు మరి, సాయంత్రం పెట్టండని రెండుసార్లు అడిగాను, మగవాళ్లకే కుదరదట.

అన్నిటికన్నా బాధనిపించింది జనగామ వైపు నుంచి వచ్చిన ఒక తల్లి విషయం. పదకొండేళ్ల పాపకు టైప్ 1. మేమంతా టైప్ 2 వాళ్లం, అంటే పెద్దయ్యాక ఎక్కువగా వచ్చే మామూలు షుగర్, మా నోటుబుక్కులు ఆమెకు ఎందుకూ పనికిరావు. టైప్ 1లో ఒంట్లో ఇన్సులిన్ తయారు కావడం దాదాపు ఆగిపోతుంది, సూది మానేస్తే ప్రాణానికే ముప్పు. ఆ మాట ఎవరైనా చెప్పేలోపే ఒక పెద్దమనిషి "తీపి ఎక్కువ పెట్టిన్రా బిడ్డకు, మెంతులు నానబెట్టి తాపు" అన్నాడు. ఆమె ఏమీ అనలేదు. బడిలో పాపకు మధ్యాహ్నం సూది ఎవరు వేయాలి, ఆటల పీరియడ్‌లో షుగర్ పడిపోతే టీచర్‌కు ఏం చెప్పాలి అని ఒక కాగితం మీద రాసుకొచ్చింది, అది మడిచి సంచిలో పెట్టుకుని పోయింది. మళ్లీ రాలేదు.

కొత్తగా టైప్ 2 అని తెలిసి టెన్షన్ పడుతున్నవాళ్లయితే కళ్లు మూసుకుని వెళ్లండి. నా హెచ్‌బీఏ1సీ ఇప్పుడు 7.3. నెలకు 50 రూపాయలు టీకి, టీలో చక్కెర వేయరు. మీటర్‌లో పెట్టే స్ట్రిప్పులు మీవే తెచ్చుకోండి, మీటర్ అడిగితే ఇస్తారు గానీ స్ట్రిప్పు అడిగితే మొహాలు తిప్పుకుంటారు, వాటి రేటు అలా ఉంది.