కోత పెట్టినా నిలిచేది ఏది? 1981 నాటి మూడు స్లాషర్ సినిమాలు

నా డిస్కుల అలమర చూసినవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: ఎనభయ్యో దశకం మొదట్లో వచ్చిన స్లాషర్ సినిమాల్లో, అంటే ఒక హంతకుడు ఒక్కొక్కరినే చంపుకుంటూ పోయే భయానక సినిమాల్లో, ఒక్కటే కొనాలంటే ఏది కొనాలి? ‘హాలోవీన్’, ‘ఫ్రైడే ది థర్టీన్త్’ అడిగేవాళ్ల దగ్గర ఎలాగూ ఉంటాయి, వాటి జోలికి వెళ్లను. ఆ రెండూ కురిపించిన డబ్బు చూసి 1981లో పోటీపడి తీసినవాటిలో నిజంగా దాచుకోదగ్గవి నా దృష్టిలో మూడు: జార్జ్ మిహాల్కా తీసిన ‘మై బ్లడీ వాలెంటైన్’, జోసెఫ్ జీటో తీసిన ‘ది ప్రౌలర్’, టోనీ మేలమ్ తీసిన ‘ది బర్నింగ్’. ఇంట్లో చోటు చాలక ఈ మధ్య అలమర సర్దాను. ఆ పనిలో మూడింటినీ వరసగా మళ్లీ చూశాను. చూడనివాళ్ల కోసం హంతకుడెవరో ఎక్కడా చెప్పను.

నటన, సంగీతం, డిస్కులో బొమ్మ నాణ్యత అన్నీ చూడాల్సినవే. కానీ నాకు తేల్చేది ఒకే ప్రశ్న. హత్యా దృశ్యాలు తీసేస్తే సినిమాలో ఏం మిగులుతుంది? ఇది నేను ఊహించి పెట్టిన పరీక్ష కాదు. మూడింటిలో ఒక సినిమాకు ఈ పరీక్ష నిజంగానే జరిగింది.

‘ఫ్రైడే ది థర్టీన్త్’ మీద వచ్చిన విమర్శల తర్వాత అమెరికా రేటింగ్ బోర్డు బిగుసుకుంది. ‘ఆర్’ రేటింగ్ (పదిహేడేళ్లలోపు వాళ్లు పెద్దల తోడుతో చూడదగ్గది) రాకపోతే పెద్ద థియేటర్లు దొరకవు. దాంతో 1981 ఫిబ్రవరిలో పారమౌంట్ సంస్థ విడుదల చేసిన ‘మై బ్లడీ వాలెంటైన్’లో ప్రతి హత్యకూ కత్తెర పడింది. మొత్తం దాదాపు 9 నిమిషాలు పోయాయని చెబుతారు. 2009లో వచ్చిన డీవీడీలో అందులో సుమారు 3 నిమిషాలు తిరిగి కలిపారు. అతికించిన చోటల్లా గీతలు, మారిన రంగు కనిపిస్తూనే ఉంటాయి. నాకు ఆ మచ్చలంటే ఇష్టం, కత్తెర ఎక్కడ పడిందో కళ్లకు కట్టినట్టు చూపిస్తాయి. 2020లో స్క్రీమ్ ఫ్యాక్టరీ అనే అమెరికా డిస్కుల సంస్థ రెండు బ్లూరే డిస్కుల్లో థియేటర్ ప్రతినీ, కోతలు పూడ్చిన ప్రతినీ పక్కపక్కన ఇచ్చింది. రెండూ చూసి పోల్చుకునే వీలు ఉండటమే దాచుకునేవాళ్లకు అసలు సంపద.

పోల్చడానికి నేను ఎప్పుడూ ఎంచుకునేది, కథ జరిగే బొగ్గు గనిలో కార్మికులు బట్టలు మార్చుకునే గది. అక్కడ పని దుస్తుల్ని గొలుసులకు తగిలించి పైకప్పు దాకా లాగి ఉంచుతారు. సిల్వియా అనే అమ్మాయి ఒంటరిగా నిలబడి ఉండగా ఒక దుస్తు గలగలమంటూ కిందికి జారుతుంది. తర్వాత ఇంకొకటి, ఆ పక్కన మరొకటి. మనిషి లేని ఖాళీ దుస్తులు ఆమె చుట్టూ దిగుతుంటాయి. థియేటర్ ప్రతిలో ఆ తర్వాతి హత్యను బాగా కుదించారు. అయినా భయం రవ్వంత తగ్గలేదు, ఎందుకంటే ఆ పని అప్పటికే గొలుసుల చప్పుడు చేసేసింది. సొరంగంలో గని కార్మికుడి వేషం వేసుకున్న ముసుగు హంతకుడు పికాసుతో ఒక్కో దీపాన్నీ పగలగొట్టుకుంటూ నడిచివచ్చే దృశ్యమూ అంతే. అక్కడ చుక్క రక్తం లేదు. వెలుగు ఆరిపోతూ మన వైపు వస్తుంది.

దీనికి కారణం ఆ చోటు. కెనడాలోని నోవాస్కోషియా రాష్ట్రంలో సిడ్నీ మైన్స్ అనే ఊళ్లో, 1975లో మూతపడిన ప్రిన్సెస్ బొగ్గు గనిలో దీన్ని తీశారు. సినిమావాళ్లు వస్తున్నారని తెలిసి ఊరివాళ్లు గనిని శుభ్రం చేసి రంగులు వేస్తే, చిత్రబృందం డబ్బు ఖర్చుపెట్టి మళ్లీ దానికి మసి పట్టించాల్సి వచ్చింది. లోపల మీథేన్ భయం వల్ల ఎన్ని దీపాలు పడితే అన్ని వాడే వీలు లేదు. తెర మీద కనిపించే ఆ చీకటి చాలావరకు గని నిబంధనలు పెట్టిన చీకటే. ఇందులో చనిపోయేది సెలవులకు వచ్చిన కాలేజీ పిల్లలు కాదు. షిఫ్టు దిగి బీరు తాగే కూలీలు. బయటి ఊళ్లకు వెళ్లి నిలదొక్కుకోలేక, తిరిగొచ్చి తండ్రి గనిలోనే దిగిన కొడుకు ఇందులో కథానాయకుడు.

మా మామయ్య కొత్తగూడెం బొగ్గుబావుల్లో సర్దారుగా (కూలీల పనినీ భద్రతనూ చూసే ఉద్యోగం) చేసి రిటైరయ్యారు. కథకు మూలమైన పాత ప్రమాదం గురించి ఆయనకు చెప్పాను. ప్రేమికుల రోజు డ్యాన్సుకు ఆలస్యమవుతుందని ఇద్దరు సూపర్‌వైజర్లు గ్యాస్ చూడకుండానే పైకి వెళ్లిపోతారు, పేలుడు జరిగి కింద మనుషులు చిక్కుకుపోతారు. ఆయన వెంటనే “దీపం పట్టి చూడలేదా?” అని అడిగారు. సేఫ్టీ ల్యాంపు మంట తగ్గించి పైకప్పు దగ్గర పట్టుకుంటే, గ్యాస్ ఉన్నచోట మంట మీద నీలిరంగు టోపీలా కడుతుందట. ఆ టోపీ ఎంత పొడవుంటే గ్యాస్ అంత ఎక్కువట. షిఫ్టులో ఎన్నిసార్లు అలా చూసేవారో చెప్పుకొచ్చి, “వాళ్లు వదిలేసింది నిమిషం పని” అన్నారు. ఆ మాట విన్న తర్వాత ఆ సినిమా నాకు ముసుగు హంతకుడి కథలా కనిపించలేదు. ఒక్క నిమిషం నిర్లక్ష్యానికి ఊరంతా 20 ఏళ్ల పాటు భయపడిన కథలా కనిపిస్తుంది.

‘ది ప్రౌలర్’ దీనికి పూర్తిగా ఎదురు వైపు ఉంటుంది. 1945లో యుద్ధం నుంచి సైనికులు తిరిగొస్తున్న వేళ, ప్రియుడికి వీడ్కోలు ఉత్తరం రాసిన అమ్మాయి పట్టభద్రుల డ్యాన్సు రాత్రి హత్యకు గురవుతుంది. 35 ఏళ్లకు ఆ డ్యాన్సును మళ్లీ మొదలుపెడతారు. న్యూజెర్సీలోని కేప్ మేలో తీశారు, పాత చెక్క ఇళ్లు అందంగా ఉంటాయి. కానీ ఈ సినిమాను కొనేది గాయాలు, చావుల మేకప్ చేసిన టామ్ సావినీ చేతిపని కోసమే. తల మీద దిగిన బాకు గడ్డం కింద బయటికొచ్చి, కళ్లు తెల్లబడే దృశ్యంలో కెమెరా ముఖం తిప్పుకోదు. ఈతకొలను దృశ్యమూ అలాంటిదే. సావినీ వియత్నాం యుద్ధంలో ఫొటోగ్రాఫరుగా పనిచేసిన మనిషి. చావు ఎలా ఉంటుందో చూసిన కళ్లు ఆ పనిలో తెలుస్తాయి. తన పనుల్లో మేలైనదిగా ఆయన లెక్కవేసేది కూడా ఇదే.

మరి కత్తెర పరీక్ష పెడితే? దాదాపు ఏమీ మిగలదు. షెరీఫ్ ఊరు విడిచి చేపలు పట్టడానికి వెళతాడు. అతని సహాయకుడు, కథానాయిక చీకటి ఇంట్లో గదులు వెతుకుతూ తిరుగుతుంటే కథ కదలదు. హిచ్‌కాక్ సినిమాల్లో మెరిసిన ఫార్లీ గ్రేంజర్ లాంటి నటుడిని పెట్టుకుని కూడా అతనికి చేయడానికి పని ఇవ్వలేదు. మేకప్ కళను నేర్చుకునేవాళ్లు మాత్రం దీన్ని వదలకూడదు. ఆ రంగానికి ఇది పాఠ్యపుస్తకమే.

‘ది బర్నింగ్’ మధ్యలో నిలుస్తుంది. దీనికీ సావినీయే. ‘ఫ్రైడే’ రెండో భాగం కాదనుకుని ఆయన ఇటు వచ్చారు. వేసవి శిబిరంలో పిల్లలు చేసిన ఆకతాయి పనికి ఒళ్లంతా కాలిపోయిన కాపలాదారు, తోట కత్తెర పట్టుకుని తిరిగివస్తాడు. ఇందులో పిల్లలు నిజంగా పిల్లల్లా మాట్లాడుకుంటారు. తర్వాత పేరు తెచ్చుకున్న జేసన్ అలెగ్జాండర్, హాలీ హంటర్ మొదటిసారి సినిమా తెర మీద కనిపించింది ఇక్కడే. పట్టపగలు, నడి నీళ్లలో తెప్ప మీద జరిగే అయిదు హత్యల దృశ్యం ఈ తరహా సినిమాలన్నింటిలోకీ ప్రసిద్ధం. బ్రిటన్‌లో కోతలు పెట్టిన ప్రతికి బదులు కోతల్లేని ప్రతి పొరపాటున వీడియో క్యాసెట్టుగా వెలువడి, నిషేధిత వీడియోల జాబితాకు ఎక్కింది కూడా ఆ దృశ్యం వల్లే. కానీ తెప్ప ఘట్టం దాటాక సినిమా చల్లబడుతుంది. ఇంకో మాట కూడా చెప్పాలి. నిర్మాతగా హార్వీ వైన్‌స్టీన్ పేరు పడుతుంది. అతని నేరాలు కోర్టులో రుజువైన తర్వాత, కథానాయికల వెంటపడే కెమెరాను చూస్తుంటే నాకు మనసు పాడవుతుంది. సినిమా తీసిన మిగతా వందమంది శ్రమ అందులో ఉందని తెలిసినా, ఆ బాధ పోవడం లేదు.

కొనేముందు ఒక ముఖ్య విషయం. బ్లూరేలకు ప్రాంతీయ తాళం ఉంటే అదే ప్రాంతపు ప్లేయర్‌లోనే ఆడతాయి. అమెరికా బ్లూరేలు ‘ఏ’ ప్రాంతానివి, బ్రిటన్‌వి ‘బీ’, మనవి ‘సీ’. స్క్రీమ్ ఫ్యాక్టరీ బ్లూరేలకు సాధారణంగా ‘ఏ’ తాళం ఉంటుంది. నేను మొదటిసారి తెప్పించుకున్నది హైదరాబాదులో కొన్న ప్లేయర్‌లో ఆడలేదు. అమ్మిన దుకాణం వాళ్లు ఎక్కడైనా ఆడుతుందని చెప్పారు. రవాణా ఖర్చు, సుంకం కలిసి డిస్కు ధరను మించిపోయాయి, తిరిగి పంపే దారి లేదు. 4కే డిస్కులకు ప్రాంతీయ తాళం ఉండదు కాబట్టి మన దేశంలో ఉన్నవాళ్లు ‘మై బ్లడీ వాలెంటైన్’ను 4కేలో తీసుకోవడం మేలు. పెట్టెలో జతగా వచ్చే బ్లూరేకు మాత్రం తాళం ఉండవచ్చు. ‘ప్రౌలర్’ను తెచ్చిన బ్లూ అండర్‌గ్రౌండ్ డిస్కులు చాలావరకు ఎక్కడైనా ఆడతాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ బెడద లేదు.

మిగతావి క్లుప్తంగా. ‘హ్యాపీ బర్త్‌డే టు మీ’ (1981) కొంటే 2004 నాటి డీవీడీ వద్దు, అందులో అసలు సంగీతం మార్చేశారు. ‘టెర్రర్ ట్రైన్’ (1980) ఛాయాగ్రహణం కోసం ఒకసారి చూడవచ్చు. ‘హెల్ నైట్’ అభిమానులకు మాత్రమే. ‘ది స్లంబర్ పార్టీ మాసకర్’ (1982) రాసినదీ తీసినదీ స్త్రీలే కాబట్టి దాని గురించి విడిగా రాస్తాను.

నా అలమరలో ఇప్పుడు ‘మై బ్లడీ వాలెంటైన్’ రెండు ప్రతులూ ఉన్నాయి, మచ్చలు కనిపించే ఆ 2009 డీవీడీతో సహా. ‘ప్రౌలర్’ ఉంచుకున్నాను. ‘బర్నింగ్’ అడిగిన స్నేహితుడికి ఇచ్చేశాను. ఈ శనివారం మామయ్య వస్తున్నారు. సొరంగంలో దీపాలు పగిలే దృశ్యం ఆయనకు చూపించాలి.