స్లిప్ కోసం నేనే చేసుకున్న కుంచెలు: 5 ఏళ్లు వాడాక చెప్తున్నా

కుండల మీద స్లిప్, అంటే పల్చగా కలిపిన మట్టి పూత, వేయడానికి సొంతంగా కుంచెలు చేసుకోవడం మొదలుపెట్టి 5 ఏళ్లు దాటింది, ఇప్పటికి ఓ 30 దాకా చేసుంటా, వాటిలో రోజూ చేతిలోకి వచ్చేవి మాత్రం నాలుగే. ఆ నాలుగు ఎందుకు నిలబడ్డాయి, మిగతావి ఎందుకు పోయాయి అన్నదే రాస్తున్నా. ఓ వారం వాడి బాగుంది అనడం వేరు, వందల గిన్నెల మీద గీశాక చెప్పడం వేరు కదా.

ముందు నేనూ వాటర్‌కలర్ బ్రష్షులే వాడేదాన్ని. వాటితో వచ్చిన చిక్కేంటంటే స్లిప్ రంగునీళ్లలా పారదు, అది నీళ్లలో కలిపిన మట్టి, బరువుగా ఉంటుంది, పైగా కింద సగం ఆరిన కుండ ఉంది చూశారూ, అది కుంచె ఆనీ ఆనగానే స్లిప్‌లో నీళ్లు లాగేసుకుంటుంది. అర జానెడు గీత పూర్తవకముందే కుంచె పొడారిపోయేది, మళ్లీ ముంచి అక్కడే అందుకుంటే అతుకు స్పష్టంగా కనబడేది. అంటే స్లిప్ కుంచెకి కొస సన్నగా ఉండటం ఒక్కటే చాలదు, దాని పొట్టలో సరుకు పట్టాలి. ఇది అర్థమవడానికే నాకు ఏడాది పట్టింది.

అందుకే మేక వెంట్రుకలకి వచ్చా, ఆ నాలుగింట్లో మొదటిది ఇదే. మెత్తగా ఉంటాయి, స్లిప్‌ని బాగా పీల్చుకుని గీత పొడుగునా నెమ్మదిగా వదుల్తాయి. సబ్బుతో కడిగి జిడ్డు వదిలించాలి, ఆరాక సన్న దువ్వెనతో దువ్వి అడుగున ఉండే పొట్టి నూగంతా తీసేయాలి. ఈ నూగు దగ్గర బద్ధకిస్తే కుంచె పని అయిపోయినట్టే, తడవగానే ముద్ద కడుతుంది. ఓసారి మా కుక్కని దువ్వినప్పుడు ఊడిన వెంట్రుకలతో చేశా, అదంతా నూగే కాబట్టి తడిసిన మొదటిసారే ఉండలా అయిపోయింది.

ఇంకో పెద్ద తప్పు కూడా చేశా. కట్టిన తర్వాత కొసలు ఎగుడుదిగుడుగా ఉన్నాయని కత్తెరతో సమంగా కత్తిరించేశా. వెంట్రుక కొస పుట్టుకతోనే సన్నబడుతూ వస్తుంది, అలాంటివన్నీ తడిసి ఒకచోట చేరితేనే కుంచెకి మొన వస్తుంది, కత్తిరిస్తే ఆ మొన ఇక రాదు. ఇప్పుడైతే కట్టకముందే వెంట్రుకలని కొసలు కిందికి పెట్టి చిన్న కప్పులో వేసి, కప్పుని బల్ల మీద టకటకా కొడతా, కొసలన్నీ వాటంతటవే ఒక వరసకి వస్తాయి. తగ్గించాల్సింది ఏమన్నా ఉంటే మొదళ్ల వైపే కోస్తా.

కట్టు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నా కుంచెల్లో సగం పోయింది అక్కడే. మైనం రాసిన దారంతో వెంట్రుకల మొదళ్ల దగ్గర రెండు చోట్ల, వేలు తెల్లబడేంత బిగించి చుట్టాలి. జిగురుకి మొదట్లో తెల్ల జిగురు వాడా, రోజూ నీళ్లలో నానేసరికి కొన్ని నెలల్లో మెత్తబడి వెంట్రుకలు గుత్తులు గుత్తులుగా ఊడొచ్చాయి. క్షణంలో పట్టేసే పల్చటి జిగురైతే వెంట్రుకల వెంట పైకి పాకి, కుంచె సగం దాకా పుల్లలా బిగుసుకుపోయింది. రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ ఒక్కటే నిలిచింది, అదీ మొదళ్లకి మాత్రమే, చిక్కబడే దాకా ఆగి అద్దాలి. పిడికి బాగా ఎండిన వెదురు కావాలి, పచ్చిదైతే ఆరేకొద్దీ చీలుతుంది, ఎండినదానికి కూడా మూతి చుట్టూ బయట దారం చుడితేనే నాకు ధైర్యం.

ఒట్టి మేక వెంట్రుకలకి ఉన్న లోపం స్ప్రింగ్ లేకపోవడం, వంగితే వంగినట్టే ఉంటుంది. మధ్యలో కాసిని గుర్రం తోక వెంట్రుకలు పెట్టి చుట్టూ మేకవి కట్టా, నా రెండో కుంచె అదే, 4 ఏళ్లుగా నడుస్తోంది, తీగలూ ఆకులూ అన్నీ దాంతోనే గీస్తా. గుర్రంవి ఒక్కటే కడితే స్లిప్ నిలవలేదు, జారిపోయింది.

మూడోది వరిగడ్డి కుంచె, నాకు చాలా ఇష్టమైనది. ముదురు రంగు మట్టి మీద తెల్ల స్లిప్‌ని దీంతో ఒక్క ఊపులో తిప్పితే గడ్డి జాడలు చారలు చారలుగా మిగిలిపోతాయి. కొరియాలో 15వ శతాబ్దంలో చేసిన బున్‌చోంగ్ పాత్రల మీద గరుకు కుంచెతో వేసిన ఇలాంటి పూతే ఉంటుంది, జపాన్‌లో దీన్ని హకెమే అంటారు. వేగంగా, ఆగకుండా తిప్పాలి, రెండోసారి దిద్దితే చారలన్నీ పూడిపోతాయి. గడ్డి నాలుగైదు నెలల్లో అరిగిపోతుంది, పర్లేదు, ఇంకోటి కట్టడానికి పావుగంట చాలు. కొబ్బరి పీచుతో కూడా చేసి చూశా, మరీ బిరుసు, స్లిప్ వేయడం పోయి కింద మట్టినే గీకేసింది, పక్కన పెట్టేశా.

నాలుగోది ఈత ఆకుది, కొసని రాయి మీద దంచి నారలు విడదీసింది. అమెరికాలో ప్యూబ్లో అనే ఆదివాసీ కుమ్మరులు యుక్కా అనే మొక్క ఆకు కొసని నమిలి కుంచె చేసుకుంటారని తెలిశాక నాకు ఈ ఆలోచన వచ్చింది. నిటారు సన్న గీతలకి దీన్ని మించింది నా దగ్గర లేదు, కానీ ప్రతి గీతకీ ముంచాల్సిందే.

వెడల్పుగా చదును పూతకైతే కొన్న హకే బ్రష్షే (జపాన్ తరహా వెడల్పాటి కుంచె) వాడతా, దానికోసం కష్టపడి చేసుకోనక్కర్లేదు అనిపించింది.

వెంట్రుకలు ఊడటం మాత్రం కొత్త కుంచెకి తప్పదు. స్లిప్‌లో ఇరుక్కున్నదాన్ని వెంటనే లాగితే పూత చెదురుతుంది, మెరుపు తగ్గేదాకా ఆగి సూదితో లేపాలి. చూసుకోకుండా వదిలేస్తే కిల్న్‌లో, అంటే కుండలు కాల్చే బట్టీలో, అది కాలిపోయి దాని చోట సన్న గాడి మిగులుతుంది, పైన వేసే పల్చటి గ్లేజ్ (గాజు పూత) కింద అది కనబడుతూనే ఉంటుంది.

కడగడం కూడా మొదళ్ల నుంచి, వేళ్లతో నొక్కుతూ. అక్కడ మట్టి ఎండిపోతే వెంట్రుకలు విచ్చుకుని మొన రెండుగా చీలుతుంది. ఆరబెట్టేటప్పుడు కొస కిందికి ఉండేలా వేలాడదీస్తా, నిలబెడితే నీళ్లు కట్టులోకి దిగి వెదురు నల్లబడింది, రెండు అలా పోయాయి. కోబాల్ట్ కలిపిన స్లిప్‌కి వేరే కుంచె, అది రవ్వంత మిగిలినా తెల్ల పూతలో నీలం తేలుతుంది.

అన్నిటికన్నా పాతది, నేను సరిగ్గా కట్టిన మొదటి మేక కుంచె, ఇప్పుడు మూడో వంతు అరిగిపోయింది. మొన మొద్దుబారింది గానీ పొట్ట అలాగే ఉంది, గిన్నె అంచు చుట్టూ ఒక్క ముంచుతో ఇప్పటికీ పూర్తి చుట్టు వస్తుంది. దాని బదులు ఇంకోటి కట్టడానికి వెంట్రుకలు కడిగి ఆరేశా, ఈసారి ఇంకో వేలెడు పొడుగు ఉంచుదామని.