రసీదు మీద ‘80జి’ కనబడగానే డబ్బు పంపేయకండి

మార్చి నెలాఖరు వచ్చిందంటే ఫోన్లు మొదలవుతాయి. ‘పాప ఆపరేషన్‌కి సార్, 80జి రసీదు ఇప్పుడే వాట్సాప్‌లో పెడతాం’ అంటారు. 80జి అంటే విరాళానికి ఆదాయ పన్నులో మినహాయింపు ఇచ్చే సెక్షన్. రసీదు వస్తుంది కూడా, స్టాంపుతో సహా. చిక్కు రిటర్ను వేసేటప్పుడు తెలుస్తుంది.

2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి మామూలు ట్రస్టులకిచ్చే విరాళాలకు ఆ రసీదు ఒక్కటీ చాలదు. మీ పేరు, పాన్, ఇచ్చిన మొత్తం సంస్థ ఫారం 10బిడిలో మే 31లోగా దాఖలు చేయాలి. అప్పుడే ఆదాయ పన్ను పోర్టల్ నుంచి మీ విరాళానికి రుజువుగా 10బిఈ సర్టిఫికెట్ దిగుతుంది. 10బిడి వేయకపోతే మీ డబ్బు పుణ్యం ఖాతాకే, పన్ను ఖాతాకి కాదు.

కాబట్టి ముందే పాత రసీదు ఒకటి అడిగి, సంస్థ పాన్‌లో నాలుగో అక్షరం చూడండి. ట్రస్టుకైతే ‘టి’, సొసైటీకి ఎక్కువగా ‘ఏ’, సెక్షన్ 8 (లాభాపేక్ష లేని) కంపెనీకి ‘సి’. ‘పి’ ఉంటే అది ఎవరో వ్యక్తి సొంత పాన్, అక్కడే ఆపేయండి. క్యూఆర్ స్కాన్ చేస్తే వ్యక్తి పేరు వచ్చినా అంతే. 80జి ఆమోదం తేదీ 2021కి ముందుదైతే చెల్లదు, సంస్థలన్నీ మళ్లీ రిజిస్టర్ చేసుకోవాల్సి వచ్చింది. ‘మాకు 12ఏ ఉంది’ అంటారు. అది సంస్థ ఆదాయానికి మినహాయింపు, మీకు కాదు. నీతి ఆయోగ్ పోర్టల్‌లో వచ్చే దర్పణ్ ఐడీ కూడా వట్టి నమోదే, మంచితనానికి సర్టిఫికెట్ కాదు.

నగదు 2,000 దాటితే మినహాయింపు లేదు. బియ్యం బస్తాలు, దుప్పట్లకు అసలే లేదు. మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే 80జి మినహాయింపే రాదు, ఈ రసీదు గొడవ మీకు అక్కర్లేదు.

అన్నిటికన్నా ప్రమాదం ‘లక్ష చెక్కు ఇవ్వండి, కమిషన్ పోను నగదు వెనక్కి ఇస్తాం’ అనే బేరం. దొరికితే ఎగ్గొట్టిన పన్నుకి 200 శాతం దాకా జరిమానా, వడ్డీ అదనం. పట్టించేది సాధారణంగా ట్రస్టు బ్యాంకు ఖాతాయే, మీ ఫైలు కాదు.

డబ్బు ఎటు పోతోందో తెలియాలంటే ఆడిట్ అయిన ఆదాయ వ్యయ పట్టిక అడగండి. ‘ప్రొఫెషనల్ ఛార్జీలు’, ‘ప్రచారం’ పద్దులు పిల్లల వైద్యం పద్దును మించితే మీకు ఫోన్ చేసినవాళ్ల జీతం, కమిషన్ అక్కడే ఉన్నాయేమో అడగాలి. పట్టిక ఇవ్వడానికి నసిగేవాళ్లకి నేనైతే వంద కూడా ఇవ్వను.

ఇప్పటికే ఇచ్చేశారా? జూన్ మొదట్లో 10బిఈ కోసం మెయిల్ పెట్టండి. పాన్ తప్పు పడితే సంస్థ 10బిడిని సవరించి మళ్లీ వేయొచ్చు, ‘కుదరదు’ అంటే నమ్మకండి.