క్యూబ్ ప్రొమీథియస్ స్టాక్ ఆరు నెలలు వాడాక: గ్రాఫులు సూపర్, కంట్రోల్ ప్లేన్ దగ్గరే ఏడిపించింది

క్యూబ్ ప్రొమీథియస్ స్టాక్ అంటే కుబర్నెటిస్ క్లస్టర్ (కంటెయినర్లలో ప్రోగ్రాములు నడిపే సర్వర్ల గుంపు) ఎలా ఉందో కనిపెట్టే టూల్స్ మూట. ముందే చెప్పేస్తున్నా, ఇది క్యూబ్‌అడ్మిన్ అనే టూల్‌తో సొంతంగా క్లస్టర్ పెట్టుకున్న వాళ్ళకి ఎక్కువ పనికొచ్చే రివ్యూ. హెల్మ్ చార్ట్ (ఇన్‌స్టాల్ ప్యాకేజీ) ఒక్కటి ఇన్‌స్టాల్ చేస్తే మెట్రిక్స్ అంటే కొలతలు పోగుచేసే ప్రొమీథియస్, వాటిని గ్రాఫులుగా చూపే గ్రఫానా, అలర్ట్‌లు పంపే అలర్ట్‌మేనేజర్, ఒక్కో నోడ్ (సర్వర్) లెక్కలిచ్చే నోడ్ ఎక్స్‌పోర్టర్ అన్నీ ఒకేసారి దిగిపోతాయి, టీ తాగొచ్చేలోపు డ్యాష్‌బోర్డుల్లో గీతలు కదులుతుంటాయి. మొదటి పావుగంట అయితే అబ్బ ఏం ప్రొడక్ట్ రా బాబూ అనుకున్నా.

పావుగంట దాటింది, క్రిటికల్ అలర్ట్‌లు మొదలయ్యాయి. ఏ పాడ్‌ని (కంటెయినర్ల చిన్న కట్ట) ఏ నోడ్‌లో పెట్టాలో తేల్చే షెడ్యూలర్ డౌన్ అంట, క్లస్టర్‌ని కోరిన స్థితిలో ఉంచే కంట్రోలర్ మేనేజర్ డౌన్ అంట, నోడ్‌లలో నెట్‌వర్క్ దారులు చూసే క్యూబ్ ప్రాక్సీ కూడా డౌన్ అంట. గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే క్లస్టర్ నిక్షేపంలా ఉంది, కొత్త పాడ్ పెడితే రెండు సెకన్లలో షెడ్యూల్ అవుతోంది. ప్రొమీథియస్‌లో టార్గెట్స్ (అది మెట్రిక్స్ తెచ్చుకునే చోట్లు) పేజీ తీస్తే ఆ మూడూ, వాటితోపాటు క్లస్టర్ సమాచారమంతా దాచే డేటాబేస్ ఎట్‌సీడీ కూడా, ఎర్రగా కనెక్షన్ రెఫ్యూజ్డ్ అని ఉన్నాయి. మాస్టర్ నోడ్‌లోకి (కంట్రోల్ ప్లేన్, అంటే క్లస్టర్‌ని నడిపే మెదడు, ఉండే సర్వర్) వెళ్ళి లోకల్‌హోస్ట్ 2381 పోర్టుకి కర్ల్ కమాండ్ కొడితే ఎట్‌సీడీ మెట్రిక్స్ తెర నిండా జలపాతంలా దిగుతున్నాయి, అదే పోర్టుకి పక్క నోడ్ నుంచి కొడితే తలుపేసి ఉంది. అప్పుడు వెలిగింది బల్బు. క్యూబ్‌అడ్మిన్ వీటన్నిటి మెట్రిక్స్‌ని డిఫాల్ట్‌గా 127.0.0.1 (లోకల్‌హోస్ట్, అంటే అదే మెషీన్ లోపలి నుంచి మాత్రమే) మీదే వినేలా పెడుతుంది, సెక్యూరిటీ పరంగా అది కరెక్టే, కానీ ప్రొమీథియస్ ఇంకో నోడ్‌లో కూర్చుని పిలుస్తుంటే పలికేదెవరు?

దీన్ని సరిచేయడం పెద్ద బ్రహ్మవిద్య కాదు గానీ ఓపిక కావాలి. షెడ్యూలర్ పోర్టు 10259, కంట్రోలర్ మేనేజర్‌ది 10257, ఈ రెండిటి స్టాటిక్ పాడ్ మేనిఫెస్టుల్లో (మాస్టర్ నోడ్‌లో ఉండే సెట్టింగ్ ఫైళ్ళు) బైండ్ అడ్రస్ 0.0.0.0 (అన్ని అడ్రసుల మీదా వినమని) చేసి సేవ్ చేస్తే నోడ్‌లో పాడ్‌లని నడిపే క్యూబ్‌లెట్ చూసుకుని పాడ్‌ని తనే రీస్టార్ట్ చేస్తుంది. నేను తెలివిగా 0.0.0.0 బదులు నోడ్ ఐపీ ఒక్కటే పెట్టా, లైవ్‌నెస్ ప్రోబ్ (బతికే ఉందా అని తట్టి చూసే చెక్) ఏమో ఇంకా 127.0.0.1నే తడుతోంది, షెడ్యూలర్ లేవడం చావడం లేవడం చావడం, అంటే అప్పటిదాకా ఉత్తుత్తి అలర్ట్ అనుకున్నదాన్ని నా చేతుల్తో నేనే నిజం చేశా. క్యూబ్ ప్రాక్సీకి కాన్ఫిగ్ మ్యాప్‌లో (దాని సెట్టింగ్‌లు ఉండే చోటు) 10249 పోర్టు అడ్రస్ మార్చి డీమన్‌సెట్ (ప్రతి నోడ్‌లో నడిచే దాని పాడ్‌లు) రీస్టార్ట్ చేయాలి. ఎట్‌సీడీ 2381కి మాత్రం లాగిన్ గీగిన్ ఏమీ ఉండదు, తెరిచేముందు ఫైర్‌వాల్ సంగతి చూసుకోండి. ఇంకోటి, ఈ మార్పులు క్యూబ్‌అడ్మిన్ కాన్ఫిగ్‌లో కూడా రాయకపోతే తర్వాతి అప్‌గ్రేడ్‌లో మేనిఫెస్టులు మళ్ళీ కొత్తగా తయారై మీ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

మేనేజ్డ్ క్లస్టర్ (క్లౌడ్ కంపెనీయే నడిపిపెట్టేది) వాడేవాళ్ళకి ఈ గోల వేరేలా ఉంటుంది, అక్కడ కంట్రోల్ ప్లేన్ మన చేతిలోనే ఉండదు కాబట్టి షెడ్యూలర్, కంట్రోలర్ మేనేజర్, ఎట్‌సీడీ ఈ మూడిటినీ వాల్యూస్ ఫైల్‌లో (చార్ట్ సెట్టింగ్స్ ఫైల్) ఫాల్స్ పెట్టుకోవడమే నయం. అలా చేయకుండా అలర్ట్‌లు మ్యూట్ చేసుకుంటూ పోతే నాన్నా పులి కథే, నిజంగా పులి వచ్చినరోజు ఎవరూ ఫోన్ చూడరు.

ఇంత తిట్టాక కూడా ఎందుకు వాడుతున్నావ్ అంటే, ఎట్‌సీడీ వల్ల. మా దగ్గర కొన్నాళ్ళుగా రాత్రిపూట క్యూబ్ సీటీఎల్ (క్లస్టర్‌తో మాట్లాడే టూల్) కమాండ్ కొడితే కాసేపు బిగుసుకుపోయేది, పొద్దున చూస్తే అంతా మామూలే, నెట్‌వర్క్ వాళ్ళని అనుమానించాం, ఆ కమాండ్లు అందుకునే ఏపీఐ సర్వర్‌కి మెమరీ పెంచాం, ఏం చేసినా ఉపయోగం లేదు. మెట్రిక్స్ వచ్చిన మర్నాడు ఎట్‌సీడీ డ్యాష్‌బోర్డులో వాల్ ఎఫ్‌సింక్ గ్రాఫ్ చూశా, అంటే ప్రతి రైట్‌ని డిస్క్ మీద ఖాయం చేయడానికి పట్టే టైమ్ అన్నమాట. 99వ పర్సెంటైల్, అంటే నూటికి 99 రైట్‌లకి పట్టే టైమ్, 10 మిల్లీ సెకన్ల లోపు ఉండాలని ఎట్‌సీడీ వాళ్ళ డాక్యుమెంటేషనే చెప్తుంది. మాది పగలంతా బుద్ధిగా ఉండి రాత్రి రెండింటికి నిలువుగా గోడెక్కినట్టు లేచింది, ఎట్‌సీడీ లీడర్ (మెంబర్లలో రైట్‌లని నడిపించేది) మార్పుల కౌంటర్ కూడా సరిగ్గా అప్పుడే ఒక మెట్టెక్కింది. రెండింటికి ఏముంది? మేమే పెట్టుకున్న బ్యాకప్ జాబ్, అదే డిస్క్ మీద. ఎట్‌సీడీని విడిగా ఎస్ఎస్‌డీ మీదకి మార్చాం, ఆ రాత్రి నుంచి గీత పడుకుంది. ఈ ఒక్క గ్రాఫ్‌తో చార్ట్‌కి పెట్టిన టైమంతా నాకు వసూలైపోయింది.

ఇంకో రెండు కూడా రోజూ చూస్తా. షెడ్యూలర్ పెండింగ్ పాడ్స్, ఇది క్యూల వారీగా విడదీసి చూపిస్తుంది, యాక్టివ్‌లో ఉన్నాయంటే షెడ్యూలర్ ఇంకా వాటి దాకా రాలేదని, అన్‌షెడ్యూలబుల్‌లో ఉన్నాయంటే చోటు దొరకలేదనో రూల్స్ కుదరలేదనో అర్థం. రెండోది ఏపీఐ సర్వర్ ఇచ్చే డెప్రికేటెడ్ (ముందు ముందు తీసేయబోయే) ఏపీఐల మెట్రిక్, పాత ఏపీఐని ఎవరో ఇంకా పిలుస్తున్నారని, అది ఏ వెర్షన్‌లో తీసేస్తారో లేబుల్‌తో సహా చెప్తుంది. అప్‌గ్రేడ్‌కి ముందు దీన్ని చూడనివాళ్ళంటే నాకు జాలి.

నచ్చనివి కూడా ఉన్నాయి. స్టోరేజ్ మీరు ప్రత్యేకంగా అడగకపోతే డేటా ఎంప్టీడిర్‌లోకి (పాడ్‌తోపాటే పోయే తాత్కాలిక ఫోల్డర్) పోతుంది, పాడ్ ఇంకో నోడ్‌కి మారిందా చరిత్ర గోవిందా. నావి మూడు వారాలవి అలాగే పోయాయి, వాల్యూస్ ఫైల్ పూర్తిగా చదవకపోవడం నా తప్పే అనుకోండి. సొంత సర్వీస్ మానిటర్ (ఏ సర్వీస్ మెట్రిక్స్ తెచ్చుకోవాలో ప్రొమీథియస్‌కి చెప్పేది) రాస్తే దానికి రిలీజ్ లేబుల్ (చార్ట్‌ని ఏ పేరుతో ఇన్‌స్టాల్ చేశామో ఆ పేరు) లేకపోతే డిఫాల్ట్‌గా పట్టించుకోదు, ఎర్రర్ కూడా ఇవ్వదు, మౌనంగా ఉంటుంది, ఒక సాయంత్రమంతా ఈ మౌనానికే బలైంది. ఏపీఐ సర్వర్ రిక్వెస్ట్ టైమ్‌ల బకెట్ మెట్రిక్స్ (ఎంత టైమ్‌లోపు ఎన్ని రిక్వెస్ట్‌లు అయ్యాయో లెక్కపెట్టేవి) అయితే వర్బ్, రిసోర్స్, స్కోప్ అంటూ పిల్లల్ని కంటూనే ఉంటాయి, ప్రొమీథియస్ మెమరీ తినేది ఎక్కువగా అవే, అక్కర్లేనివి రీలేబుల్ రూల్ పెట్టి డ్రాప్ చేసేయండి.

కుబర్నెటిస్ అప్‌గ్రేడ్ తర్వాత ఒక ప్యానెల్ నో డేటా అందనుకోండి, చార్ట్‌ని తిట్టేముందు ఆ మెట్రిక్ ఆల్ఫానా (ఇంకా ప్రయోగ దశలో ఉన్నదా) స్టేబులా చూడండి. ఆల్ఫా వాటికి ఏ గ్యారంటీ లేదు, చెప్పాపెట్టకుండా మారొచ్చు. డెప్రికేట్ అయి హిడెన్‌లోకి పోయినవైతే షో హిడెన్ మెట్రిక్స్ ఫ్లాగ్‌తో వెనక్కి తేవచ్చు, అదీ ఒక్క మైనర్ వెర్షన్ వెనక వరకే.

అన్నట్టు ఇది పెట్టాం కదా మెట్రిక్స్ సర్వర్ తీసేద్దామా అని మా టీమ్‌లో ఒకడు అడిగాడు. వద్దు, లోడ్‌ని బట్టి పాడ్‌ల సంఖ్య మార్చే ఆటోస్కేలర్‌కి, క్యూబ్ సీటీఎల్ టాప్‌కి అదే ఆధారం, దాని పని వేరు.

మార్కులు అయిదుకి నాలుగు. ఆ ఒకటి ఎందుకు తీసేశానంటే సీఆర్‌డీల (ఈ చార్ట్ కుబర్నెటిస్‌కి కొత్తగా నేర్పే రిసోర్స్ రకాలు) వల్ల, హెల్మ్ అప్‌గ్రేడ్ చేస్తే అవి వాటంతటవి మారవు, చేత్తో అప్లై చేయబోతే యానొటేషన్ (వాటికి తగిలించే అదనపు సమాచారం) 262144 బైట్లు దాటిందని తన్నేస్తుంది, సర్వర్ సైడ్ అప్లై వాడాలి. నాకిది రాత్రి పదకొండింటికి, మెయింటెనెన్స్ విండో సగంలో తెలిసింది.