క్వారీ గుంట నీళ్లు టెస్ట్ చేయించాం, ల్యాబ్‌కి నా మార్కులు 5కి 3

ఎండాకాలం కాలువలు కట్టేశాక మా ఊళ్లో మంచినీళ్ల చెరువు అడుగంటుతుంది, బోరు వేస్తే ఉప్పునీళ్లు, ఇక ట్యాంకరే గతి. ఈసారి వచ్చిన ట్యాంకర్ ఆయన మెట్ట వైపు ఎప్పుడో వదిలేసిన నల్లరాయి క్వారీ గుంటలోంచి తోడి, పటిక, సున్నం వేసి, ఇసుక ఫిల్టర్‌లో వడగట్టి, క్లోరిన్ కలిపి తెస్తానన్నాడు. టీడీఎస్ మీటర్ ముంచి "చూడండి, మూడొందలు కూడా లేదు" అన్నాడు. ఆ మీటర్ కరిగిన లవణాలు మొత్తం ఎంతో చెబుతుందంతే, అవేమిటో చెప్పదు. అందుకే చందాలు వేసుకుని రాజమండ్రి నుంచి ఒక ప్రైవేటు ల్యాబ్‌ని పిలిచాం (పేరు వద్దులెండి).

శాంపిల్ తీసిన కుర్రాడికి మాత్రం వంక పెట్టలేం. పీహెచ్, క్లోరిన్ అక్కడికక్కడే చూశాడు, సీసాలో పట్టుకెళ్తే దారిలోనే మారిపోతాయట. లోహాల సీసాలో నైట్రిక్ యాసిడ్ చుక్కలు, బ్యాక్టీరియాకి స్టెరైల్ సీసా, ఐస్ పెట్టె. రాయి పేల్చిన చోట అమ్మోనియం నైట్రేట్ మందు మిగిలి నీళ్లలో కలుస్తుందని నైట్రేట్ పరీక్ష కూడా తనే రాసుకున్నాడు. దానికి బీఐఎస్ (మన దేశంలో ప్రమాణాలు పెట్టే సంస్థ) హద్దు లీటరుకి 45 మిల్లీగ్రాములు, దాటితే పాలడబ్బా పిల్లలకి ప్రమాదం, పటికా తీయదు, క్లోరినూ తీయదు, కాచినా పోదు. మాంగనీసుదీ ఇలాంటి తంటాయే: సున్నంతో ఇనుము తేలిగ్గా దిగిపోతుంది గానీ ఇది పీహెచ్ తొమ్మిది దాటితేగానీ సరిగా దిగదు, నీళ్లు తేటగా కనిపిస్తూనే లోపల ఉండొచ్చు.

రిపోర్టు దగ్గరే నాకు మండింది. ఆలస్యం సంగతి అలా ఉంచితే, అన్నీ హద్దులోనే ఉన్నాయి కాబట్టి "ట్రీట్‌మెంట్ సురక్షితం" అని కింద రాసిచ్చారు. ఎండాకాలం ఒక్కసారి తీసిన శాంపిల్‌తో ఆ మాట ఎలా అంటారండీ? వాన పడితే గట్టు మీది బురదంతా గుంటలోకే, పటిక మోతాదు మారాలి, ఆయన మారుస్తాడా లేదా అని అడిగినవాళ్లు లేరు. ఫిల్టర్ కడిగిన మడ్డి ఎటు పోతోందో చూడలేదు (మేం వెళ్లి చూశాం, మళ్లీ అదే గుంటలోకి!). సున్నం బస్తా విప్పేవాడికి కళ్లకి అద్దాలు లేవు, గుంట చుట్టూ కంచె లేదు, ఇవేవీ రిపోర్టులో లేవు.

నీళ్ల పరీక్షకైతే మళ్లీ వీళ్లనే పిలుస్తాం. ప్లాంటు కూడా చూడమంటే మాత్రం ఏమేం చూస్తారో ముందే కాగితం మీద రాయించుకోండి, తొలి వానల తర్వాత ఇంకో శాంపిల్ అదే ఫీజులో వచ్చేలా మాట్లాడుకోండి.