విమానం కింద దెబ్బ తగిలితే: ఈఎస్ఐ మేలా, పరిహారం మేలా?

రేణిగుంట విమానాశ్రయంలో రెక్క కింద స్టాండు మీంచి జారినా, ఊదారంగు స్కైడ్రాల్ (విమానం హైడ్రాలిక్ ద్రవం) కంట్లో చిమ్మినా, మెకానిక్‌కి రెండు దార్లున్నాయంటారు. నిజానికి దారి ఎంచేది మనం కాదు, జీతం. నెలకు 21,000 లోపయితే ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల రాజ్య బీమా. దాటితే యజమాని ఇచ్చే పరిహారం, 1923 చట్టం నాటినుంచి వస్తున్నది. ఈఎస్ఐ ఉన్నవాళ్లు అదే గాయానికి రెండోది అడగడం కుదరదు.

పనికి వెళ్లలేని రోజుల లెక్కలో ఈఎస్ఐదే పైచేయి. రోజు వేతనంలో సుమారు 90 శాతం, కోలుకునేదాకా. వైద్యం తిరుపతి ఈఎస్ఐ ఆసుపత్రిలో. క్యూ సంగతి వేరే చెప్పాలా! అవతల పరిహారంలో పదిహేను రోజులకోసారి నెల జీతంలో నాలుగో వంతు, అదీ ఐదేళ్లకు మించదు. పైగా లెక్కకు తీసుకునే జీతానికీ పరిమితి ఉంది. వైద్యం ఖర్చు యజమానిదే, కానీ బిల్లులు చూపించి రాబట్టుకోవాలి.

వేలు తెగితే, చూపు పోతే? ఈఎస్ఐ జీవితాంతం నెలనెలా ఇస్తుంది; రెండోది ఒకేసారి మొత్తం. అప్పులున్న ఇంటికి మొత్తమే ముద్దు. నా ఓటు మాత్రం నెలనెలా వచ్చేదానికే.

ఏదైనా, షిఫ్టు దిగేలోపే ప్రమాదాల రిజిస్టర్లో రాయించండి. కాంట్రాక్టు కుర్రాళ్లకు ఇది మరీ ముఖ్యం. పరిహారం అడగడానికి గడువు రెండేళ్లు. "రేపు రాద్దాంలే" అన్న సూపర్‌వైజరు అప్పటికి వేరే ఊళ్లో ఉంటాడు.