క్లోండైక్ బంగారానికి ఏ దారి: చిల్కూటా, వైట్ పాసా?

1897లో కెనడాలోని క్లోండైక్‌లో బంగారం వెతుక్కుందామని అలాస్కా తీరంలో ఓడ దిగినోళ్ళలో చాలామందికి ఇదే డౌటు, చిల్కూట్, వైట్ పాస్ రెండూ కొండ దాటే కనుమ దార్లే. రెండు దార్లూ చేరేది బెన్నెట్ సరస్సుకే, అక్కడ పడవ కట్టుకుని యూకాన్ నది మీద బంగారం గనుల పక్కనున్న డాసన్ ఊరికి పోవాలి.

దూరం: డయా రేవు నుంచి చిల్కూట్ మీదుగా బెన్నెట్‌కి సుమారు 33 మైళ్ళు. స్కాగ్‌వే రేవు నుంచి వైట్ పాస్ ఇంకాస్త ఎక్కువ, కానీ ఎత్తు తక్కువ.

కష్టం: చిల్కూట్ చివర్లో మంచులో చెక్కిన మెట్లే, గుర్రం ఎక్కదు. పైగా కెనడా పోలీసులు ఏడాదికి సరిపడా తిండి లేకపోతే లోపలికి రానివ్వరు, సామాన్లతో కలిపి దగ్గరదగ్గర టన్ను, అంటే 30 కిలోల చొప్పున మోసినా అదే కొండ ముప్పై సార్లు ఎక్కాలి, కూలీకి ఇద్దామంటే ట్లింగిట్ అనే స్థానిక తెగ మోతగాళ్ళ రేటు రోజురోజుకీ పెరిగిపోతోంది.

వైట్ పాస్‌లో గుర్రాలు నడుస్తాయన్నారు, నడిచాయి కూడా, బురదలో రాళ్ళ మధ్య కాళ్ళు విరిగి దాదాపు 3000 చచ్చాయి. పాపం వాటికి బంగారం ఎందుకు!

రిస్కు: చిల్కూట్‌లో 1898 ఏప్రిల్ 3న మంచు కూలి 60 మందికి పైగా పోయారు. స్కాగ్‌వేలో సోపీ స్మిత్ అనే మోసగాడి ముఠా, కొండెక్కకముందే జేబు ఖాళీ.

డబ్బుల్లేవు, ఒంట్లో సత్తువుంది అంటే చిల్కూటే. డబ్బుంది, తొందర లేదు అంటే వైట్ పాస్, 1899 జులైకి రైలు బెన్నెట్ దాకా వచ్చేసింది, కాకపోతే అప్పటికి జనం డాసన్ వదిలేసి అలాస్కాలోనే కొత్తగా బంగారం దొరికిన నోమ్‌కి పరిగెడుతున్నారు.